పేరులోనే తీర్పు: సింథటిక్ బయాలజీ బోధన – నైతిక విచారణ

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ సీడ్ పత్తికి ప్రసిద్ధి. సాయంత్రం ఆడ వరుసల మొగ్గల నుంచి కేసరాలను తొలగించి, మరునాటి ఉదయం మగ మొక్కల పుప్పొడిని అద్దే ‘క్రాసింగ్’ పని అలంపూర్ ప్రాంతపు రైతు కుటుంబాలకు సుపరిచితం. అటువంటి ఇంటి నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థికి సింథటిక్ బయాలజీని పరిచయం చేసేటప్పుడు, ఆ విద్యార్థికి ఏమీ తెలియదని భావించడం న్యాయమా?

జన్యుక్రమాన్ని చదవడంతో ఆగక, దానిని రచించి కణంలో పనిచేయించే శాస్త్రమిది. 2010 మేలో క్రెయిగ్ వెంటర్ బృందం, రసాయనికంగా కూర్చిన జన్యుపదార్థంతో నడిచే బాక్టీరియా కణాన్ని ప్రకటించింది. దీనిని ‘కృత్రిమ జీవశాస్త్రం’ అంటే, ఆ మాటకు వ్యవహారంలో ఉన్న ‘బూటకం’ అనే అర్థచ్ఛాయ వల్ల వాదానికి ముందే తీర్పు వెలువడుతుంది. ‘సంశ్లేషణ జీవశాస్త్రం’ అంటే సందేహానికే చోటు మిగలదు. రెండు పేర్లనూ విద్యార్థుల ముందుంచి విచారింపజేయడం బోధకుల ధర్మం.

శాస్త్రజ్ఞానం లేనివారి అభిప్రాయానికి విలువేమిటన్న ఆక్షేపణ ఉంది. కణం ఎలా పనిచేస్తుందో నిపుణులే చెప్పాలి. విత్తనంపై హక్కు ఎవరిది, నష్టం ఎవరు భరించాలి అన్నవి మాత్రం ప్రయోగశాల తేల్చగల ప్రశ్నలు కావు. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయపై కేంద్రం తాత్కాలిక నిషేధం ప్రకటించే ముందు, హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జరిగిన బహిరంగ సంప్రదింపులలో శాస్త్రవేత్తలతో పాటు రైతులూ మాట్లాడారు.

కనుక పల్లెకు వెళ్లి భయం పోగొట్టినంత మాత్రాన శాస్త్రప్రచారం పూర్తికాదు. పల్లె ప్రశ్న తరగతికి చేరాలి. ఆ ప్రశ్నను వక్రీకరించని మాటను సమకూర్చడం తెలుగు శాఖల బాధ్యత.