జూమ్ చేసి తీసిన ఫోటో

ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు. నవాహో నేల మీద మాత్రం మారుస్తారు. సరిహద్దు దాటగానే నా ఫోను ఒక గంట ముందుకి గెంతింది. "ఇప్పుడు మనం వేరే దేశంలో ఉన్నామా?" అని వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది. ఒక రకంగా అవునన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో మధ్యాహ్నానికిగానీ తెలిసిరాలేదు.

కేన్యన్ డి షే 1931 నుంచి జాతీయ స్మారకం. అయినా నేల నవాహోలదే. ఆ లోయ అడుగున ఇప్పటికీ కుటుంబాలు ఉంటాయి, మొక్కజొన్న వేసుకుంటాయి. అందుకే అక్కడి గైడు తోడు లేకుండా లోయలో తిరగనివ్వరు. గట్టు మీంచి ఎంతసేపైనా చూడొచ్చు. ఇళ్ళనీ మనుషుల్నీ మాత్రం అడక్కుండా ఫోటో తీయొద్దంటారు.

నేను తీశాను. ఎర్రటి బండ గోడల మధ్య చిన్న పచ్చటి చెక్క, దాని పక్కనే హోగన్, అంటే వాళ్ళ సంప్రదాయపు ఇల్లు. జూమ్ చేసి మరీ తీశాను. ఇంత దూరం నుంచి ఎవరికేం నష్టం అనుకున్నాను.

తర్వాత జీపులో కిందికి దిగాం. గైడు 1864 సంగతి చెప్పాడు. కిట్ కార్సన్ దళాలు పంటలు తగలబెట్టి, వేలాది పీచ్ చెట్లు నరికేశాయి. ఆకలికి లొంగిపోయినవాళ్ళని న్యూమెక్సికోలోని బోస్కే రెడోండో దాకా వందల మైళ్ళు నడిపించారు. ఎందరో దారిలోనే పోయారు. 1868 ఒప్పందం తర్వాత మిగిలినవాళ్ళు తిరిగొచ్చారు.

"వచ్చాక చెట్లు మళ్ళీ నాటుకున్నారా, అడుగమ్మా" అన్నాడు నాన్న. నాటుకున్నారట.

నాన్నది కర్నూలు జిల్లాలో ఒక మునక ఊరు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మొండిగోడలు తేలతాయి. ఏటా వెళ్ళొస్తాడు. ఒకసారి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరో జంట ఫోటోలు దిగుతోందట. "ఇది మా ఇల్లు బాబూ" అన్నాడట. "భలే లొకేషనండీ" అన్నాడట ఆ అబ్బాయి.

నన్ను నేను సమర్థించుకోడానికి వాదనలు కావలసినన్ని ఉన్నాయి. టూరిస్టుల డబ్బుతో అక్కడ కొందరి ఇళ్ళు గడుస్తాయి. మేం వెళ్ళకపోవడం గౌరవమేమీ కాదు. ఫోటో తీస్తే గోడ అరిగిపోదు. అన్నీ నిజాలే. ఆ అబ్బాయి కూడా నాన్న దగ్గర ఏమీ ఎత్తుకుపోలేదు. పైగా మెచ్చుకున్నాడు! కానీ ఇంటివాడు ఎదురుగా నిలబడి ఉండగానే ఆ ఇల్లు లొకేషనైపోయింది. తిరిగొచ్చిన నవాహోలకి నేలతోపాటు 'వద్దు' అనే హక్కు కొంత దక్కింది. నాన్నకి అదీ లేదు. వాళ్ళకి దక్కిన ఆ కాస్తనీ నేను గట్టు మీద నిలబడి రెండు వేళ్ళతో దాటేశాను, ఏ కోపమూ ఏ దురుద్దేశమూ లేకుండానే. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

ఆ రాత్రి చిన్లీలో, మోటల్ గదిలో, తీసేద్దామా అని నాన్నకి ఆ ఫోటో చూపించాను. ఫోను తీసుకుని ఆయనా రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"మొక్కజొన్న బాగా వచ్చింది. నీళ్ళు ఎక్కణ్ణుంచి పెడతారో ఆ అబ్బాయిని అడగాల్సింది" అన్నాడు.