గీత పడని చోటు

పాతదానిలా కనిపించేట్టు తయారుచేసిన కొత్త బాస్ గిటార్ చేతికొస్తే, పెచ్చులూడిన మూలలను నేను పెద్దగా పట్టించుకోను. వాటిని ఎవరైనా చేయగలరు. నేను ముందు వెతికేది ఏమీ జరగని చోటు. 1960ల నాటి ఫెండర్ ప్రెసిషన్ బాస్‌లకు పికప్ మీదా బ్రిడ్జి మీదా క్రోమ్ మూతలుండేవి. వాటిని అలాగే ఉంచి వాయించినవాడి బాస్‌లో ఆ మూతల కింద రంగు కొత్తగా మిగలాలి. తీసేసి వాయించినవాళ్లే ఎక్కువ; అలాంటప్పుడు స్క్రూ రంధ్రాలైనా కనిపించాలి. పైపూత పసుపెక్కి తెలుపు కాస్తా వెన్నరంగుకు తిరిగినా, పిక్‌గార్డ్ విప్పితే అడుగున అసలు తెలుపు దొరకాలి. చేయి ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో సగం నైపుణ్యమని నా నమ్మకం.

వాద్యాన్ని ముసలిది చేసేవి రెండు: కాలం, మనిషి. పెట్టెలోంచి బయటికి రాని గిటార్‌కి కాలం ఒక్కటే తగులుతుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. చలికీ వేడికీ లోపలి చెక్క కదులుతుంటే పైనున్న పూత కదలలేక చిట్లుతుంది. ఆ సన్నని నెర్రెలు ఎక్కువగా చెక్క పోగుకు అడ్డంగా పాకుతాయి, ఒకచోట ఆగి పక్కనుంచి మళ్లీ మొదలవుతాయి. పూతను బాగా చల్లబరిచి, వెంటనే వేడి తగిలిస్తే వర్క్‌షాపులోనూ అది నిజంగానే చిట్లుతుంది. దాన్ని నకిలీ అనడానికి నాకు మనసొప్పదు. కారణం అదే, పట్టిన సమయమే తక్కువ. బ్లేడుతో గీసినవి వేరు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి, అన్నీ ఒకే లోతులో, రూళ్లకర్ర పెట్టినట్టు ఉంటాయి.

మనిషి చేసే అరుగుదలను అనుకరించడం ఇంకా కష్టం. ముంజేయి ఆనేచోటు, బొటనవేలు నిలిపేచోటు, వెనక బెల్టు బకిల్ రాసుకునేచోటు, ఇవన్నీ ఒకే మనిషివై ఉండాలి. బాసిస్టు జేమ్స్ జేమర్సన్ మోటౌన్ రికార్డు సంస్థ పాటలను చూపుడువేలు ఒక్కదానితో మీటాడు. మరో బాసిస్టు జాకో పాస్టోరియస్ బ్రిడ్జి దగ్గరికి జరిగి మీటేవాడు. ఇద్దరివీ 1962 నాటి ఫెండర్లే, ఒకటి ప్రెసిషన్, ఒకటి జాజ్. అవి ఒకేలా అరగవు. మంచి పనివాడి బాస్ చూస్తే ఒక మనిషి ఊహకందుతాడు: నిలబడి వాయించేవాడా, కూర్చునా, చేతికి చెమట ఎక్కువా అని. చెడ్డ పని చూస్తే ఉప్పుకాగితం ఒక్కటే గుర్తొస్తుంది.

ఫెండర్ కస్టమ్ షాప్ 1995లో రెలిక్ పేరుతో ఈ వాద్యాలను తెచ్చింది. తొలి ఏళ్లలో వాటి బాడీలనూ నెక్‌లనూ మిస్సోరిలో విన్స్ క్యునెట్టో పాతబరిచేవాడు. వాయించకుండానే వాయించినట్టు చూపడం అబద్ధం కాదా అన్న ప్రశ్న అప్పటినుంచీ ఉంది. నా సమాధానం నెక్ దగ్గర ఒకటి, బాడీ దగ్గర ఒకటి. ఫింగర్‌బోర్డ్ అంచులు గుండ్రబడి, వెనక జిగురు పూత పోయి చెక్క తగిలే నెక్, రైతు అరచేతికి నునుపుదేలిన నాగలి మేడిలా, కళ్లు మూసుకున్నా చేతికి తెలుస్తుంది. అది వాయించేవాడికి నిజంగా పనికొచ్చే మేలు. బాడీ మీది మచ్చలు చూసేవాళ్ల కోసం. అక్కడే నాకు ఇబ్బంది.

ఎందుకంటే నలభై ఏళ్లు అరిగినట్టున్న ఆ బాడీకి బిగించిన నెక్ మీద ఫ్రెట్లు మాత్రం నిండు ఎత్తుతో ఉంటాయి. అరిగిన ఫ్రెట్ల మీద తీగ గరగరలాడుతుంది, అది ఎవరికీ అక్కర్లేదు. కాలం ఇచ్చే అందం కావాలి, అది వసూలు చేసేది వద్దు. జాకో సంగతి వేరు. ఫ్రెట్లు తీసేసిన తన బాస్‌లో రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను తినేస్తాయని ఫింగర్‌బోర్డ్‌కి ఎపాక్సీ పూశాడు. అరుగుదలను ఆపడానికే చూశాడు. 1986లో పోయిన ఆ బాస్ 2006లో దొరికింది. దాని మచ్చలన్నిటినీ అనుసరించి కస్టమ్ షాప్ ప్రతులు చేసింది. ఆయనకు అక్కర్లేని నష్టం అక్కడ కొనదగిన గుణమైంది. వాటి పనితనం గొప్పదే అయినా ఈ మాట నన్ను వదలదు.

1995 నాటి తొలి రెలిక్‌లకు ఇప్పుడు ముప్ఫై ఏళ్లు దాటాయి. వర్క్‌షాపు పెట్టిన మచ్చ ఒకచోట, వాయించినవాడి ముంజేయి దానికి కాస్త పక్కన తెచ్చిన మచ్చ ఒకచోట, రెండూ ఒకే బాడీ మీద ఉంటాయి. అలాంటిదానికి వెల కట్టమంటే నేను మొదటి మచ్చకు ఏమీ ఇవ్వను. రెండోదాన్ని చూసి, ఫ్రెట్లు ఎంత మిగిలాయో తడిమి, మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుందో విని అప్పుడు ధర చెబుతాను.