ఎవరి సాక్షిగా?

మాట మీద నమ్మకం కుదరనప్పుడు మనవాళ్లు "దేవుడి మీద ఒట్టెయ్" అంటారు. పైన ఒకడు లెక్క రాస్తున్నాడన్న భయం పోతే మనిషి దేనికైనా తెగిస్తాడన్న బెంగ ఆ మాటలో ఉంది. దాన్ని నేను కొట్టిపారెయ్యను. పాపభీతితో ఎత్తిన చెయ్యి దించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మరి దేవుడే లేడన్నవాణ్ణి ఆపేదెవరు?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు గోరా గుర్తొస్తారు. గోపరాజు రామచంద్రరావు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నాస్తికుడైనందుకు కాకినాడలో ఆ కొలువు పోయింది. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చి ఊరుకుని ఉంటే ఇవాళ ఆయన్ని తలుచుకునేవాణ్ణి కాదు. అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, తామూ ఆ పంక్తిలోనే తిన్నారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి, పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చెయ్యాలనుకున్నారు.

ఆ పెళ్లి తానే జరిపిస్తానన్నది ఎవరో కాదు, నిత్యం రామనామం జపించే గాంధీ. ప్రమాణంలో దేవుడి పేరు ఉండాల్సిన చోట సత్యం పేరు చెప్పుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. 1948 మార్చిలో సేవాగ్రాంలో పెళ్లి జరిగింది. అప్పటికి ఆయన లేరు. ఆయన్ని కాల్చినవాడు నాస్తికుడు కాడు.

అలాగని నమ్మకం లేకపోతే చాలు, మంచితనం దానంతటదే వస్తుందనీ అనలేను. దేవుణ్ణి వెళ్లగొట్టిన స్టాలిన్ రాజ్యం లక్షలాది ప్రాణాలు తీసింది.

నన్ను వేధించేది మరొకటి. మన ఊళ్లలో సాటిమనిషిని గుడి బయట, బావి బయట నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది భక్తులే. చీమను తొక్కితే పాపమని కాలు పక్కకు పెట్టినవాళ్లకి, దాహమన్నవాడికి దోసిట్లో నీళ్లు ఎత్తిపోస్తున్నప్పుడు అది పాపమనిపించలేదు. ఏది పాపమో ముందే ఎవరో చెప్పిపెట్టారు, వీళ్లు దానికే భయపడ్డారు. ఎదుటివాడి అవమానం తనకు గుచ్చుకున్నవాడికి మాత్రం ఒకరు చెప్పనక్కరలేకపోయింది. ఆ గుచ్చుకోవడం గాంధీకీ ఉంది, గోరాకీ ఉంది. అందుకే వాళ్లిద్దరికీ పొసగింది.

మీ ఊరి టీకొట్టులో వేరు గ్లాసు ఇంకా ఉంటే ముందు దాన్ని తీయించండి. దేవుడున్నాడా లేడా అన్నది ఆ తర్వాత, అందరం కలిసి కూర్చుని మాట్లాడుకుందాం.