ఆకు తిన్న కాలం

సిక్రోపియా మాత్‌కు నోరు పనిచేయదు. ఉత్తర అమెరికా మాత్‌లన్నిటిలోకీ అదే పెద్దది, రెక్కలు విప్పితే అరచెయ్యి చాలదు. గూడులోంచి బయటపడ్డాక బతికేది మహా అయితే రెండు వారాలు. ఆ కాస్త వ్యవధిలో ఎగరడం, జత వెతుక్కోవడం, గుడ్లు పెట్టడం, అంతా నిరుటి వేసవిలో పురుగుగా ఉన్నప్పుడు నమిలిన ఆకు బలంతోనే జరగాలి.

ఈ సంగతి తెలిశాక, గొంగళిపురుగును రెక్కలకు ముందుమాటగా చూపే ఉపదేశాలు నాకు రుచించడం లేదు. ఓపిక పట్టు, నీకూ రెక్కలొస్తాయి అని పిల్లలకు చెబుతాం. ఇక్కడ సంపాదనంతా పురుగుది. రెక్కలు వచ్చేది ఆ సొమ్ము ఖర్చుపెట్టడానికే.

మసాచుసెట్స్‌లో మా పెరటి ఆపిల్ చెట్టుమీద ఆ పురుగును దగ్గరగా చూశాను. నీలం కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, నా చూపుడువేలంత పొడవు. తల వెనక నారింజ రంగు బుడిపెలు, వీపున పసుపువి, పక్కల నీలివి, వాటిమీద సన్నటి నల్ల ముళ్లు. ముందుకాళ్లతో ఆకు అంచును పట్టుకుని, పైనుంచి కిందికి వంపుగా కొరుక్కుంటూ వచ్చి, తల ఎత్తి మళ్లీ పైనుంచి మొదలుపెట్టేది. పిందెల జోలికి పోలేదు. ఆపిల్ కోస్తే గింజల దగ్గర కనిపించేది కాడ్లింగ్ మాత్ పురుగు, దాని దారి వేరు.

ఇదే రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్‌లో 1860లలో ట్రూవెలో అనే ఫ్రెంచి చిత్రకారుడు పట్టు కోసం పాలిఫీమస్ మాత్ పురుగులను పెంచాడు. అది మన దసలి పట్టుపురుగుకు దాయాది, రెండూ ఒకే ప్రజాతి. తెలంగాణలో మహాదేవపూర్ వైపు మద్ది చెట్లమీద దసలి పురుగులు మేస్తుంటే, రైతులు పిట్టలను తోలుతూ కాపలా కాస్తారు. చెట్టు బోసిపోయినా ఎవరికీ కోపం రాదు. గూడు మనకు పనికొస్తుంది కదా! మనకు దక్కేదాన్ని బట్టే ఒక ఆకలి ముద్దు, ఇంకో ఆకలి నేరం.

ట్రూవెలో యూరప్ నుంచి స్పాంజీ మాత్‌ను కూడా తెప్పించాడు. అది ఆయన చేయి దాటిపోయింది. 1889 నాటికి మెడ్‌ఫర్డ్‌లో ఆపిల్ చెట్లతో సహా వీధి వీధంతా ఆకు లేకుండా పోయింది, ఇళ్ల గోడలనిండా పురుగులే. ఆ జనం అవస్థ చిన్నది కాదు. 1890లలో లెడ్ ఆర్సెనేట్ చల్లారు. తర్వాత ఆపిల్ తోటల్లో దశాబ్దాలపాటు అదే మందు. పాత తోటల మట్టిలో ఆ సీసం, ఆర్సెనిక్ నేటికీ ఉన్నాయి.

1906లో ఇంకో ఉపాయం చేశారు. యూరప్ నుంచి కాంప్సిలూరా అనే ఈగను తెచ్చి వదిలారు. అది గొంగళిపురుగు ఒంట్లోకి తన పిల్లను దించుతుంది, పిల్ల లోపలినుంచి తినేస్తుంది. స్పాంజీ పురుగుకూ మరో పురుగుకూ తేడా చూడదు, నూటికి పైగా జాతులు దానికి ఆహారమే. తేడా మనమూ చూడలేదు. పట్టణాన్ని బోడి చేసిన పురుగుమీది కసి, ఎవరికీ చెరుపు చేయని పురుగుమీదా పడింది. పరిశోధకులు మసాచుసెట్స్ అడవిలో సిక్రోపియా పురుగులను చెట్లమీద ఉంచి చూస్తే, ఒక్కటీ గూడు కట్టేదాకా బతకలేదు. ఎక్కువ భాగం ఈ ఈగవల్లే చచ్చాయి. 2000లో వెలువడిన అధ్యయనం అది.

సిక్రోపియాలు తగ్గిపోయాయని బాధపడేవాళ్లు రెక్కలు చాచిన మాత్ బొమ్మే చూపిస్తారు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఈగకు బలైనవి ఆకు మేస్తూ ఉన్న పురుగులు, వాటి బతుకులో ముఖ్యభాగం ఆ మేతే. ఆ బొమ్మ పక్కన సగం కొరికిన ఆకునూ, దాన్ని పట్టుకున్న పచ్చటి పురుగునూ కూడా వేయాలని నా కోరిక.