అనాతోతు పొలము

వాక్యభాగము: యిర్మీయా 32:6–15



2024 జూన్ 4వ తేదీ సాయంకాలము మీలో చాలామంది ఇండ్లలో ఏమి జరిగిందో నేను ఊహించగలను, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే జరిగింది. కోలారు బంగారు గనులలోని మా ఇంట్లో ఆ రోజు ఉదయము నుండి టీవీ ఆపలేదు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్ల లెక్కింపు జరుగుతున్నది. నేను కోరుకున్నది జరుగలేదు. ఏ పక్షము గెలవాలని కోరుకున్నానో ఇక్కడ వ్రాయను. వ్రాస్తే చదివేవారిలో కొందరు ఇక్కడే ఆపివేస్తారు, మిగిలినవారు ఈ ప్రసంగమంతా పక్కింటివారి కొరకే అనుకుంటారు.

చీకటి పడిన తరువాత కనిగిరి ప్రాంతములోని మా ఊరిలో ఉన్న అన్నకు ఫోను చేశాను. ఆయన ఓటు నేను కోరిన పక్షానికి పడలేదని మాటల్లో తెలిసింది. "మీకు బుద్ధి ఎప్పుడొస్తుంది అన్నా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్న అంతా విన్నాడు. చివరకు, "అబ్బయ్యా, ఈ నీళ్లు తాగేది మేము, నువ్వు కాదు" అని ఫోను పెట్టేశాడు.

ఆ తరువాత 6 నెలలు మేము మాట్లాడుకోలేదు. ఆ 6 నెలలూ ప్రతి ఆదివారము మందిరములో దేశ సమాధానము కొరకు ప్రార్థన నడిపించినవాడను నేనే.

ఓటు ఇక్కడ, మనసు అక్కడ

ప్రియులారా, మన స్థితి ఒక విధముగా విచిత్రమైనది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము మనిషి సాధారణముగా ఎక్కడ నివసిస్తాడో అక్కడే అతని పేరు ఓటర్ల జాబితాలో ఉండాలి. రెండు చోట్ల ఉండరాదు. ఊరిలో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసిగా లెక్కించరు. కాబట్టి బళ్లారిలో, షోలాపూరులో, బరంపురములో, చెన్నైలో తరతరములుగా ఉన్న మనకు ఓటు ఇక్కడే. యానాము వారి సంగతి ఇంకా విచిత్రము. వారి చుట్టూ ఉన్నది ఆంధ్ర దేశమే, వారి ఎమ్మెల్యే మాత్రము పుదుచ్చేరి శాసనసభలో కూర్చుంటాడు.

ఊరిలో ఓటు వేయలేము, ఊరిని మరువలేము. ఈ రెంటి మధ్య పుట్టిన కోపము అన్నదమ్ముల మీదికి, బావమరదుల మీదికి పోతుంది. "మా ఊరు పాడైపోయింది, ఇక ఆ ఊరి ముఖము చూడను" అంటాము.

ఊరంతా ఒకటే మాట అన్నదా? లెక్క చూడండి. 2019లో 175 స్థానములలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు 151 వచ్చినవి, తెలుగుదేశానికి 23 వచ్చినవి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు 11 మాత్రమే వచ్చినవి, తెలుగుదేశానికి 135, దాని కూటమికి మొత్తము 164 వచ్చినవి. రెండుసార్లూ గెలిచినవారు "రాష్ట్రమంతా మాతోనే" అన్నారు. రెండుసార్లూ మనలో ఎవరో ఒకరు "రాష్ట్రమంతా చెడిపోయింది" అన్నారు. కాని 2019లో ఓడిన పక్షానికి నూటికి 39 ఓట్లు పడినవి. 2024లో ఓడిన పక్షానికి కూడా నూటికి 39 ఓట్లు పడినవి. ఏ ఏటి ఫలితము మనకు నచ్చకపోయినా, ఊరిలో మనవలె బాధపడినవారు ప్రతి వీధిలో ఉన్నారు. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము చెప్పరాదని నేర్చుకున్న మనము ఒక ఊరంతటి మీద అబద్ధసాక్ష్యము చెప్పవచ్చునా?

ఇప్పుడు వాక్యములోనికి వెళ్దాము. తన ఊరితో పొసగని మనిషి ఒకడు ఇక్కడ ఉన్నాడు.

1. ఊరే అతనికి ఎదురు నిలిచింది

యిర్మీయాది అనాతోతు. బెన్యామీను దేశములో యెరూషలేముకు దగ్గరగా ఉన్న యాజకుల ఊరు. ఆ కాలములో దేశమంతటికీ ఉన్న పెద్ద ప్రశ్న ఒక్కటే: బబులోను రాజును ఎదిరించాలా, లొంగాలా? ఎదిరించాలని అధిపతులు అన్నారు. లొంగి బ్రతకండని యిర్మీయా దేవుని మాట చెప్పాడు. రాజ్య వ్యవహారములో ఇంతకంటె పెద్ద భేదము ఏముంటుంది?

అనాతోతు వారు అతనికి ఎదురు తిరిగినది ఈ వ్యవహారము ముదరక ముందే. దేవుని పేరట ప్రవచించడము మానకపోతే చంపుతామని ఊరివారే బెదిరించారని 11వ అధ్యాయములో చదువుతాము. సొంత అన్నదమ్ములు, తండ్రి ఇంటివారు కూడా నమ్మకద్రోహము చేశారని 12వ అధ్యాయములో దేవుడే అతనిని హెచ్చరించాడు. మన బాధ ఎంత పెద్దదైనా, మన ఊరివారు మనలను చంపుతామనలేదు గదా!

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. యిర్మీయా చెప్పినది దేవుని వాక్కు. నేను ఆ రాత్రి ఫోనులో చెప్పినది టీవీలో విన్నది. ఊరు నా మాట వినలేదు గనుక నేను ప్రవక్తనైపోను. మన రాజకీయ అభిప్రాయమునకు ప్రవక్త అంగీ తొడగకుండా ఉంటే సగము తగవులు తీరుతాయి.

2. అతనికి ఒక పక్షము పేరు అంటగట్టారు

37వ అధ్యాయము చూడండి. ముట్టడి కొంతకాలము సడలినప్పుడు యిర్మీయా తనవారి యొద్ద తన భాగము తీసికొనుటకు బెన్యామీను దేశమునకు బయలుదేరాడు. ఇంటి పని మీద ఊరికి పోతున్న మనిషి. పట్టణపు గుమ్మము దగ్గర కావలివారి అధిపతి పట్టుకొని, "నీవు కల్దీయుల పక్షములో చేరుటకు పోతున్నావు" అని నేరము మోపాడు. అది నిజము కాదని యిర్మీయా చెప్పినా వినలేదు. అధిపతులు అతనిని కొట్టించి, చెరలో వేయించారు.

ఈ గుమ్మము ఇప్పుడు మన ఇండ్లలోనే ఉంది. పెండ్లికి వచ్చిన బంధువును "నీవు ఆ పార్టీవాడివి గదా" అని గుమ్మములోనే ఆపుతున్నాము. మనిషి ఏమి పని మీద వచ్చాడో, ఇంట్లో ఏ జబ్బు ఉందో, పిల్లకు సంబంధము కుదిరిందో లేదో అడగము. పక్షము పేరు తెలిస్తే చాలు, మనిషి తెలిసినట్లే అనుకుంటాము. యేసు ప్రభువు ఏర్పరచుకొన్న పన్నెండుగురిలో రోమా ప్రభుత్వపు కాలములో సుంకము వసూలు చేసిన మత్తయి ఉన్నాడు, జెలోతే అనబడిన సీమోను కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే రొట్టె విరిచి తిన్నారు.

3. అయినా అతడు పొలము కొన్నాడు

సిద్కియా ఏలుబడిలో 10వ సంవత్సరము. బబులోను సైన్యము యెరూషలేమును చుట్టుకొని ఉంది. యిర్మీయా చెరసాల ఆవరణములో ఉన్నాడు. అటువంటి వేళ పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని నా పొలము నీవు కొనుక్కో, విడిపించే హక్కు నీదే అన్నాడు.

మనమైతే ఏమందుము? "నన్ను చంపాలని చూసిన ఊరిలో నాకు పొలమా? మీ ఊరు మీరే ఏలుకోండి" అందుము. పైగా ఆ దేశము శత్రువు చేతిలో పడబోతున్నదని అందరికంటె బాగా తెలిసినవాడు అతడే. అయినా 17 తులముల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులను పిలిచి దస్తావేజు వ్రాయించాడు. ముద్రవేసిన పత్రమును, ముద్రలేని పత్రమును బారూకు చేత మట్టికుండలో దాయించాడు. ఆ దేశములో ఇండ్లు, పొలములు మరల చేతులు మారే రోజు వస్తుందని దేవుడు చెప్పిన మాటను అతడు నమ్మాడు.

ఆ పొలములో యిర్మీయా ఒక్క పంటయైనా కోసినట్లు వ్రాయబడలేదు. చివరకు అతనిని ఐగుప్తుకు తీసికొనిపోయారు. లాభము కొరకు కొన్న పొలము కాదది. "మీరు నా మాట వినలేదు, అయినా మీ ఊరు నా ఊరే" అని చెప్పే దస్తావేజు అది.

ఇంకొక సంగతి గమనించండి. బబులోనులో ఉన్నవారికి ఉత్తరము వ్రాసి, అక్కడే ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించండి అని చెప్పినవాడు కూడా ఈ యిర్మీయాయే (29వ అధ్యాయము). వలస వచ్చిన చోటిని ప్రేమించమన్నవాడే పుట్టిన ఊరిలో పొలము కొన్నాడు. ఒకటి చేసినందుకు రెండవది విడువలేదు. మన వంటివారికి ఇంతకంటె ఏమి మాదిరి కావాలి?

నా సంగతి మిగిలి ఉంది

ఏటా క్రిస్మసుకు వదిన ఊరి నుండి అరిసెలు పంపుతుంది. ఆ ఏడు రావని అనుకున్నాను. డిసెంబరు మూడవ వారములో ఊరి నుండి వచ్చిన ఒక కుర్రవాడు డబ్బా తెచ్చి ఇచ్చాడు. ఎప్పటివలెనే నువ్వులద్దిన అరిసెలు. ఉత్తరము లేదు, నిష్ఠూరము లేదు. నా కంటె ముందు వారే పొలము కొన్నారు.

ఆ రాత్రి అన్నకు ఫోను చేసి క్షమించమని అడిగాను. ఆ తరువాత, జూన్ నెలలో అడగవలసిన ప్రశ్న అడిగాను: "ఎందుకు అట్లా వేశావు అన్నా?" ఆయన చెప్పాడు. ఫ్లోరైడు నీళ్లతో మోకాళ్లు బిగుసుకుపోయిన సంగతి చెప్పాడు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది; ఆ తరువాత 2024 వరకు 6 సార్లు అసెంబ్లీ ఎన్నికలు వచ్చినవి; ఆ నాటికి మా చేలకు ఆ నీళ్లు రాలేదు. "ఒకసారి ఒకరిని నమ్ముతాం, ఇంకోసారి ఇంకొకరిని నమ్ముతాం అబ్బయ్యా. నీ ఆడ గనులు మూసినాక నువ్వు ఎవరికి వేశావో నేను అడిగానా?" అన్నాడు.

నిజమే, అడగలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన తరువాత మన పిల్లలు మారికుప్పములో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. ఆ దుఃఖముతో మనము ఇక్కడ ఓటు వేస్తాము. ఆ నీళ్ల దుఃఖముతో ఆయన అక్కడ ఓటు వేస్తాడు. నా అభిప్రాయము మారలేదు, అన్న అభిప్రాయమూ మారలేదు. మా మధ్య ఫోను మాత్రము మరల మ్రోగుచున్నది.

మనము చేయవలసినది

మన బాప్తిస్టు సంఘములు ఓటు అంటే తెలియనివి కావు. పాస్టరుగారిని పిలుచుటకైనా, మందిరపు పైకప్పు మరమ్మతుకైనా సభ్యుల కూటములో చేతులెత్తి తీర్మానిస్తాము. తీర్మానములో ఓడినవాడు మరుసటి ఆదివారము ప్రభు బల్ల యొద్దకు రావాలి, గెలిచినవాడు అతని పక్కన కూర్చోవాలి. ఇందులో మనము ఎన్నోసార్లు తప్పిపోయాము, కొన్నిచోట్ల కోర్టుల దాకా పోయాము. ఇంట్లో నేర్చుకోనిది ఊరికి నేర్పలేము.

కాబట్టి సంఘము ఎవరికి ఓటు వేయాలో చెప్పదు. మనస్సాక్షికి ప్రభువు దేవుడే. అన్యాయము కనబడితే అన్యాయమని చెప్పండి. యిర్మీయా నోరు మూసుకోలేదు. అయితే తీర్పు చెప్పకముందు కారణము అడగండి. మనము కోరనివారు అధికారములో ఉన్నా వారి పేరు చెప్పి ప్రార్థించండి. ఎన్నికలనాడు తెగిన మాట ఏదైనా ఉంటే, ఈ పత్రిక మడిచి పెట్టకముందే ఫోను చేయండి. అరిసెలు వచ్చేవరకు ఆగవద్దు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును రెండు ఊళ్లకు చెందినవారినిగా చేశావు. ఉన్న ఊరి క్షేమము కొరకు పాటుపడే చేతులను, పుట్టిన ఊరిని విడువని మనసును మాకు దయచేయుము. మా నోటి మాటచేత గాయపడిన మా వారిని ఆదరించుము. మేము ఓడినప్పుడు ద్వేషము నుండి, గెలిచినప్పుడు గర్వము నుండి మమ్మును కాపాడుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.