మేలు వ్యాపించు విధము

ఒక వైద్యశాలలో ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానివలన మరణములు తగ్గినవి. ఈ వార్త విన్నవెంటనే ప్రభువులును ప్రజలును కోరునది యొక్కటే: ఆ పద్ధతిని దేశమందలి వైద్యశాలలన్నిటను నెలకొల్పవలెనని. ఈ కోరిక న్యాయమైనదే. ఒకచోట బ్రదికింపగలిగిన రోగిని మఱియొకచోట చావనిచ్చుట తప్పని యొప్పుకొననివారెవరు? కాని మేలును వ్యాపింపజేయుట యనగా నేమి? ఆజ్ఞాపత్రములు పంపుటయా, పట్టికలు నింపించుటయా, లేక వేఱొకటియా? ఇది పరిపాలకులకు మాత్రమే చెందిన ప్రశ్నగా తోచును గాని, నిజమునకిది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. ఏలయన, మేలు చేసితిమని నమ్ముట వేఱు, మేలు జరుగుట వేఱు. ఈ రెంటి నడుమనున్న యెడములో ప్రాణములు పోవుచున్నవి.

ప్రపంచారోగ్యసంస్థవారు 2008వ సంవత్సరమున శస్త్రచికిత్సకై 19 అంశములు గల యొక చిన్న పట్టికను ప్రకటించిరి. బల్లమీదనున్న రోగి యెవరు, కోయవలసిన భాగమేది, చీము పట్టకుండ ఇయ్యవలసిన మందు వేళకు ఇచ్చిరా, వాడిన సూదులును గుడ్డలును లెక్కకు వచ్చినవా యని అందఱును పైకి చెప్పుకొని సరిచూచుకొనుటయే దాని సారము. అచ్చటనున్న వైద్యులును నర్సులును ఒండొరులకు తమ పేరును పనియు చెప్పుకొనవలెననుట కూడ నందొక యంశము. ఢిల్లీ, లండను, మనీలా మొదలగు 8 నగరములలోని 8 వైద్యశాలలందు పరీక్షింపగా, నూటికి 1.5 చొప్పున నుండిన మరణములు 0.8కి దిగినవని 2009లో ప్రకటితమైనది.

ఈ వార్త లోకమంతట ప్రాకెను. కెనడా దేశమందలి ఒంటారియో రాష్ట్రప్రభుత్వము, ప్రతి వైద్యశాలయు ఈ పట్టికను ఎంతమట్టుకు వాడుచున్నదో బహిరంగముగ తెలుపవలెనని 2010లో నిర్బంధించెను. వైద్యశాలలు తెలిపినవి, దాదాపు నూటికి నూఱుపాళ్ళు వాడుచున్నామనియే తెలిపినవి. అయితే 101 వైద్యశాలల లెక్కలను పరిశీలించి 2014లో ప్రకటించిన వ్యాసమున మరణములు 0.71 నుండి 0.65కి మాత్రమే మాఱినట్లు కానవచ్చెను. ఆ భేదము కాకతాళీయము కావచ్చునని తేలెను. పరిశీలించిన కాలము కొద్దిమాసములే యని కొందఱాక్షేపించిరి. అందు కొంత న్యాయము కలదు. కాని పట్టిక నిండినంతమాత్రమున రోగి బ్రదుకడని తెలిసికొనుటకు ఈ యుదాహరణము చాలును.

అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున బలవంతము లేకుండెను. ఇష్టపడిన వైద్యశాలలు మాత్రమే పూనుకొని, ఏండ్లతరబడి నేర్చుకొని, తమతమ పరిస్థితులకు తగినట్లు పట్టికను సవరించుకొన్నవి. ఆ కార్యక్రమమును తుదిముట్ట నడపిన 14 వైద్యశాలలలో, తక్కినవానితో పోల్చిచూడగా, మరణములు నూటికి 22 పాళ్ళు తగ్గినవని 2017లో ప్రకటించిరి. పూనుకొన్నవారు మొదటినుండియు శ్రద్ధాళువులై యుండవచ్చును గదా యని శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. కాని అది నా మాటనే బలపఱచుచున్నది. ఒంటారియోకు పట్టిక చేరినది; దానితోడ శ్రద్ధ ప్రయాణము చేయలేదు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న సామెత మనకు తెలియనిది కాదు. వాతలు సులభముగ పెట్టుకొనవచ్చును. వానిచే పులి బలము రాదు.

ఇంతకంటె గొప్ప యుదాహరణము మన పొరుగుదేశమగు బంగ్లాదేశమునందున్నది. కలరా మొదలగు అతిసార రోగములలో రోగిని చంపునది ఒడలిలోని నీరును లవణమును వెడలిపోవుటయే. చక్కెర తోడైనచో, రోగము ముదిరియున్నప్పుడు సైతము ప్రేవులు ఉప్పును నీటిని పీల్చుకొనగలవు. ఈ సూత్రము ననుసరించి త్రావుడు నీటితో చికిత్స చేయవచ్చునని 1968లో ఢాకా నగరమున రుజువైనది. 1971లో శరణార్థులతో క్రిక్కిఱిసిన బనగాఁ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీసు, నరములకెక్కించు ద్రవము చాలక, ఈ నీటినే రోగుల బంధువులచేత త్రావింపజేసెను. అంతకుముందు నూటికి ముప్పదివఱకు పోయిన మరణములు నాల్గింటికి లోపడెను. ఔషధము దొరకినది. ఇక దానిని కోట్లకొలది యిండ్లకు చేర్చుటెట్లు?

ఫజలె హసన్ ఆబెద్ 1972లో స్థాపించిన బ్రాక్ అను సంస్థవారు 1980లో ఈ పనికి పూనుకొనిరి. వారు పొట్లములు పంచలేదు. అరసేరు నీటిలో మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పును పిడికెడు బెల్లమును కలుపుట, పల్లెపట్టుల స్త్రీలచేత ఇంటింట తల్లులకు నేర్పించిరి. తల్లి విని తలయూపిన చాలదు. తన చేతులతో కలిపి చూపవలెను. కొంతకాలమునకు వేఱొకరు పోయి, కొన్ని యిండ్లను ఎన్నుకొని, ఆ తల్లుల నడిగెడివారు. కలిపిన నీటిలో ఉప్పు మిక్కుటమైనదేమో యని పరీక్షించెడివారు. ఆమె జ్ఞప్తియందు నిలిచినదాని ననుసరించియే బోధకురాలికి జీతము. ఎన్ని యిండ్లు తిరిగితివని కాదు, ఎవరి చేతిలో విద్య నిలిచినదని ప్రశ్న.

అయినను మొదట నిరాశయే కలిగెను. తల్లులు పాఠమును తప్పులేక చెప్పుచుండిరి. కాని బిడ్డకు విరేచనములైనప్పుడు ఆ నీరు త్రాగించినవారు కొలదిమందియే. సంస్థవారు తల్లులను నిందింపక కారణము వెదకిరి. పల్లెలలో విరేచనములకు నాలుగు పేర్లు గలవు. బోధకులు వాడిన పేరు మిక్కిలి తీవ్రమైనదానికి మాత్రమే చెల్లుచుండెను. కావున తక్కిన మూటికి ఆ నీరు పనికివచ్చునని తల్లులకు తోచలేదు. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మఱియొకటి: బోధించువారిలోనే పలువురకు ఆ నీటిమీద నమ్మకము లేదు. తమ యిండ్లలో వారు వేఱు మందులు వాడుచుండిరి. అప్పుడు వారిని ఢాకా వైద్యశాలకు కొనిపోయి, చావునకు దగ్గఱైన రోగులు ఆ నీటిచేత లేచి కూర్చుండుటను కన్నులార చూపించిరి. పల్లెలోని పేర్లతోనే పాఠమును తిరుగ వ్రాసిరి. సంతలలోను మసీదులలోను పురుషులకు సైతము తెలియజెప్పిరి. 1990 నాటికి ఇంచుమించు కోటి ఇరువది లక్షల యిండ్లకు ఈ బోధ చేరెను.

ఇందు నన్ను ఆకర్షించినది సంఖ్య కాదు, బోధకుడు తన్ను తాను పరీక్షకు లోబఱచుకొనుటయే. సంస్కర్తకు సహజమైన దోష మొకటి కలదు: తన యుద్దేశము మంచిదగుటచే ఫలము కూడ మంచిదే యైయుండునని నమ్ముట. ఫలింపనప్పుడు జనుల మూఢత్వమును నిందించుట దానికి తోబుట్టువు. తల్లి విననప్పుడు, నా మాటలో లోపమేమి, నా నమ్మకములో లోపమేమి యని అడిగికొనగలవాడే పరోపకారి. పరులకు చెప్పు మందును తన బిడ్డ కీయనివాని యుపకారము మాటలవఱకే.

ఇచ్చట నొక బలమైన యాక్షేపణ కలదు. ఒక్కొక్క యింటికి పోయి నేర్పుటకు పదియేండ్లు పట్టెను. ఆ పదియేండ్లలో ఎందఱు పసివాండ్రు పోయిరి? మీ యోపిక వారికి మృత్యువు కాలేదా? ఈ మాటను తోసిపుచ్చుటకు వీలులేదు. కొన్ని మేళ్ళు ఆజ్ఞచేతనే త్వరగా జరుగును. ఊరి నీళ్ళలో క్రిములను చంపు మందు కలుపుటకు ఇంటింట నమ్మకము పుట్టించువఱకు ఆగువాడు ద్రోహియే. ఒకచేయి చేసిన చాలునట్టి పనికి ఆజ్ఞ చాలును. కాని లక్షలకొలది చేతులు, చూచువారు లేనిచోట, నడిరేయి, ఏడ్చుచున్న బిడ్డ ప్రక్కన చేయవలసిన పనికి ఆజ్ఞ కచేరి దస్త్రమువఱకే పోగలదు. అట్టి పనిలో తొందరపడి నూటికి నూఱని వ్రాసికొన్నవాడు కాలము మిగుల్చుకొనలేదు. పోయిన ప్రాణములు లెక్కలోనికి రాకుండ దాచినాడు.

ఈ సంగతి మన సంఘసంస్కరణ చరిత్రమే చెప్పుచున్నది. వితంతువివాహమును చట్టము 1856లోనే యంగీకరించెను. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించినది 1881లో. నడుమనున్న యిరువదియైదేండ్లును చట్టము పుస్తకమునందుండెను. చట్టము వ్యర్థమని నేననుట లేదు. అది లేనిచో ఆ పెండ్లి నిలువకుండెడిది. తలుపు తెఱచుట చట్టము పని. చేయిపట్టుకొని లోనికి కొనిపోవుటకు ఒక మనుష్యుడు కావలెను.

కావున, చదువరులారా, ఒకచోట ఫలించిన మేలును మన యూరికి తేదలచినప్పుడు దాని రూపముతో తృప్తిపడకుందము. దానిని నమ్మి చేసినవారిని చూతము. మన యూరి మాటలలో దానిని తిరిగి చెప్పుకొందము. లెక్కలు వ్రాయువానిని గాక, ఆ మేలు ఎవరికొఱకో వారినే అడుగుదము. ఆ తల్లి యిచ్చు జవాబు మనకు రుచింపకపోవచ్చును. దానిని వినుటకు సిద్ధపడనివానికి ఆమె గుమ్మము త్రొక్కు నధికారము లేదు.