దైవం అయిదో కారణం

కంప్యూటరు చెప్పినట్టు చెక్కను చెక్కే సీఎన్‌సీ మెషీన్ ఇప్పుడు ఇంట్లో బల్లమీద పట్టేంత చిన్నదయింది. ఒమన్ గల్ఫ్ ఒడ్డున, హజర్ కొండలకూ సముద్రానికీ నడుమ ఉన్న కల్బాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో పూజామందిరానికి తలుపు రెక్కలు చెక్కుకుందామనుకునే తెలుగువాడికి అది అందని వస్తువేమీ కాదు. అలాంటి మెషీన్ శంఖాన్ని సరిగ్గా చెక్కి, చక్రం దగ్గరికి వచ్చేసరికి నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకుందాం. అప్పుడు ఇంట్లో వినబడే మాటలు సాధారణంగా రెండే. ‘మనకు రాసిపెట్టి లేదు, ఎవరి దిష్టో తగిలింది’ అన్నది ఒకటి. ‘నాకే చేతకాదు, దీన్ని కొనడమే నా తప్పు’ అన్నది రెండోది. మొదటిది భక్తిలాగా, రెండోది వినయంలాగా వినిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ ఉన్నది ఒకే పొరపాటు. జరిగినదానికి ఒక్కటే కారణమని, వెతక్కముందే తేల్చేయడం. ఈ తొందర మతానికి విధేయత కాదనీ, మన శాస్త్రాలు నేర్పిన క్రమానికి ఎదురు పోవడమనీ నా వాదన.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం పద్నాలుగో శ్లోకం ఏ కర్మకైనా అయిదు కారణాలను లెక్కపెడుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. ఆ వెంటనే, పదహారో శ్లోకంలో, ఇంత ఉండగా తానొక్కడే కర్తనని చూసేవాడికి చూపు సరిగా లేదని చెబుతుంది. శంకరులు అధిష్ఠానాన్ని శరీరమనీ, కరణాలను ఇంద్రియాలనీ వ్యాఖ్యానించారు కాబట్టి, దాన్ని బల్లకూ మోటారుకూ అన్వయించడం హద్దు మీరడమని పండితులు అనవచ్చు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే నేను తీసుకుంటున్నది పట్టికను కాదు, లెక్కపెట్టే పద్ధతిని. దైవాన్ని కాదనకుండానే దానితోపాటు మరో నాలుగింటిని నిలబెట్టిన గ్రంథం ‘అంతా దైవమే’ అన్న మాటకూ, ‘అంతా నేనే’ అన్న మాటకూ ఒకేసారి తలుపు మూసింది. చేతకానితనాన్ని మొత్తం నెత్తిన వేసుకుని కుమిలిపోయేవాడు కూడా తానొక్కడే కర్తనని అనుకుంటున్నవాడే. ఈ మాట మనం తగినంతగా చెప్పుకోవడం లేదు.

మెషీన్ లోపలికి వెళితే ఈ పద్ధతి ఎంత అవసరమో తెలుస్తుంది. ఇలాంటి చిన్న మెషీన్లలో ఉండే స్టెప్పర్ మోటారు సాధారణంగా ఒక చుట్టును 200 అడుగులుగా, అడుగుకు 1.8 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. మెషీన్‌ను నడిపే బోర్డు ‘ఇన్ని అడుగులు వెయ్యి’ అని సంకేతం పంపుతుంది. మోటారు వేసిందా లేదా అని చాలా మెషీన్లలో తిరిగి అడగదు. అడుగులు తప్పినా, తాను అనుకున్న చోటే ఉన్నాననుకుని మిగతా బొమ్మంతా జరిగిపోయిన చోటనుంచే చెక్కేస్తుంది. బొమ్మ ఎందుకు పక్కకు జరిగింది? మోటారును లీడ్ స్క్రూకు కలిపే కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ వదులై ఉండవచ్చు. కల్బా సముద్రపుగాలికి లీడ్ స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుని ఉండవచ్చు. ఎండాకాలం వరండాలో మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ చిప్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి క్షణకాలం ఆగి ఉండవచ్చు. బిట్ మొద్దుబారి ఉండవచ్చు, కోత లోతు ఎక్కువై ఉండవచ్చు. పని మధ్యలో ఆగి అలారం చూపిస్తే అది వేరే కథ. బిట్‌ను తిప్పే స్పిండిల్ తీగ పక్కనే, హద్దును గుర్తించే లిమిట్ స్విచ్ తీగ పోతుంటే, తగలని స్విచ్ తగిలినట్టు బోర్డుకు అనిపిస్తుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఇది మరీ ఎక్కువ.

ఇన్నింటిలో ఏది అని తేల్చడానికి న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులు ఏనాడో దారి వేశారు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అని రెండువైపులా చూడటం, అంటే అన్వయవ్యతిరేకాలు. చెక్క తీసేసి అదే ఫైలును గాలిలో నడిపించాలి. మొదలైన బిందువుకే తిరిగి వస్తే అనుమానం కోత బరువు మీదికి పోతుంది. గాలిలోనూ జరిగితే, పవర్ పూర్తిగా తీసేసి, రెండు మోటార్ల తీగలను బోర్డు దగ్గర ఒకదాని చోట ఒకటి పెట్టి చూడాలి. జరగడం పాత మోటారునే పట్టుకుని ఉంటే లోపం ఆ మోటారులోనో, దాని తీగలోనో, కప్లింగ్‌లోనో, లీడ్ స్క్రూలోనో ఉంది. రెండో మోటారుకు మారితే లోపం డ్రైవర్‌ది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మార్చేస్తే మెషీన్ బాగుపడవచ్చు గాని, కారణం మాత్రం తెలియదు. కుమ్మరి మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకంటే ముందే అక్కడ ఉన్నా కుండకు కారణం కాదని అదే శాస్త్రం చెబుతుంది. దిష్టికి మూలమనుకునే మెప్పు, అంటే నిన్న ఇంటికి వచ్చినవాళ్లు మెషీన్‌ను మెచ్చుకోవడం కూడా, ఆ గాడిదలాంటిదే. వాళ్లు రాని రోజున కూడా మెషీన్ పక్కకు జరుగుతుంది, స్క్రూ బిగించాక వాళ్లు మళ్లీ వచ్చి మెచ్చుకున్నా జరగదు.

ఇలా వెతుక్కుంటూ పోతే చివరికి దేవుడికి చోటు మిగలదని భయపడేవాళ్లున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. వైశేషిక సూత్రాల్లో కణాదుడు సూది అయస్కాంతం వైపు కదలడానికి అదృష్టాన్ని, అంటే కంటికి ఆనని కారణాన్ని, చెప్పాడు. ఈనాడు స్టెప్పర్ మోటారు తిరిగేది అయస్కాంతశక్తితోనే. దాన్ని ఏ తీగలో ఎంత కరెంటుకు ఎంత తిప్పాలో లెక్కగట్టి వాడుకుంటున్నాం. అంతమాత్రాన వైశేషికం కూలిపోలేదు. కనబడని కారణానికి అది గీసిన గీత ఒకచోటునుంచి ఇంకొకచోటికి జరిగింది, అంతే. వెతకడం మానేస్తేనే నిలబడే దైవమైతే అది మన అజ్ఞానానికి పెట్టుకున్న పేరవుతుంది. భక్తుడు కొలిచేది దాన్ని కాదు. కల్బాలో పక్కింటి ముస్లిం సోదరుడి సంప్రదాయంలోనూ ఇదే క్రమం ఉంది: ఒంటెను కట్టేసి, ఆపైన దేవుడిమీద భారం వేయమన్న హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది.

మరి మెషీన్‌కు కట్టిన నిమ్మకాయ, మహానవమినాటి ఆయుధపూజ దండగేనా? కాదు. దీనికి వేదవిధులను విచారించే మీమాంసకుల దగ్గర చక్కని జవాబుంది. యజ్ఞానికి వడ్లు దంచమన్న విధిని వాళ్లు చాలా శ్రద్ధగా పరిశీలించారు. దంచితే పొట్టు పోతుంది, అది కనబడే ఫలం, కాబట్టి దంచడానికి ముందుగా చెప్పవలసిన ప్రయోజనం అదే. గోళ్లతో వలిచినా పొట్టు పోతుంది కదా, దంచే తీరాలని ఎందుకన్నారంటే, ఆ నియమాన్ని పాటించడంవల్ల కనబడని ఫలం కలుగుతుందన్నారు. కనబడే ప్రయోజనం దొరికేచోట కనబడనిదాన్ని ఊహించకూడదన్నది వాళ్ల పట్టుదల. కనబడనిదాన్ని వాళ్లు తోసేయలేదు, దాని చోట దాన్ని ఉంచారు. పూజకు ముందు మెషీన్ దుమ్ము దులపడం, తుప్పు తుడవడం, నూనె పెట్టడం కనబడే పని. దాన్ని ఫలానా రోజున, ఫలానా మనసుతో చేయడం నియమం. మొదటిది వదిలేసి రెండోదే చేస్తే పొట్టు తీయని వడ్లతో యజ్ఞానికి కూర్చున్నట్టే.

గట్టి అభ్యంతరం ఇంకొకటి మిగిలింది. అన్నీ పరీక్షించాక కూడా కారణం దొరక్కపోతే? నెలకోసారి తప్పి, మళ్లీ దానంతటదే కుదురుకునే లోపాలు నిజంగానే ఉంటాయి. మహాభారతం అనుశాసనపర్వంలో, బ్రహ్మ పురుషకారాన్ని, అంటే మనిషి ప్రయత్నాన్ని, పొలంతో, దైవాన్ని విత్తనంతో పోల్చినట్టు భీష్ముడు చెప్పిన అధ్యాయం ఉంది. పొలం దున్ని పెట్టుకోవడమే మనిషి వంతు. కాబట్టి తప్పిన ప్రతిసారీ తేదీ, ఆనాటి ఉక్క, నడుస్తున్న ఫైలు, ఆ సమయంలో ఇంట్లో ఏసీ నడుస్తోందా లేదా రాసుకోవాలి. అయిదారు నమోదులయ్యాక వాటిలో పోలిక కనబడవచ్చు. కనబడకపోతే, మిగిలినదాన్ని దైవం అనడానికి అప్పుడు మనకు హక్కు ఉంటుంది. నాలుగు కారణాలనూ అడిగి చూశాక పలికే మాట అది. మహానవమినాడు బొట్టు పెట్టేటప్పుడు కూడా మెషీన్ చట్రానికి పెట్టాలి. లీడ్ స్క్రూకూ పట్టాలకూ మాత్రం కుంకుమ తగలనివ్వకూడదు, ఆ పొడి నూనెతో కలిసి బేరింగుల్లో పేరుకుంటుంది.